కొడుకు లాప్‌టాప్‌లో అమ్మ ఫోన్ ట్యాబులు

మొన్న చిత్తూరు నుంచి మా పెద్దమ్మ కూతురు ఫోన్ చేసింది, నాకు అక్క వరస. వాళ్ళబ్బాయి ఇక్కడే తిరుపతిలో బైరాగిపట్టెడలో రూం తీసుకోని డిగ్రీ చదువుతా ఉన్నాడు. "ఒరే, నిన్న రాత్రి వీడు ఫోన్ చేసి అమ్మా నీకేమైంది, బయాప్సీ గురించి ఎందుకు చూస్తా ఉండావు అని ఒకటే ఏడుపు. నేనింకా మీ బావకి కూడా చెప్పలా. వీడికెట్ల తెలిసింది రా" అని అడిగింది. ఆ గొంతులో భయం కంటే సిగ్గు జాస్తిగా ఉండింది, అది నన్ను చానాసేపు వదల్లేదు.

ఏం జరిగిందో కనుక్కోడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. పోయినేడు లాప్‌టాప్ కొన్నప్పుడు అంగట్లోనే సెటప్ చేసిస్తామంటే అక్క మెయిల్ ఐడీ ఇచ్చినారు, పాస్‌వర్డ్ గుర్తుండేది ఆమెకే కాబట్టి. బ్రౌజర్ తెరవగానే సింక్, అంటే ఒక డివైజులో ఉన్నది అదే అకౌంట్ ఉన్న మిగతా డివైజుల్లో కూడా కనపడే వసతి, ఆన్ చెయ్యమంటారా అని అడిగింది, అంగడబ్బాయి అవునని నొక్కినాడు. అక్క ఫోన్లోనూ అదే అకౌంట్. ఆ రోజు నుంచి ఆమె ఫోన్లో ఏ పేజీ తెరిచిపెట్టినా వీడి లాప్‌టాప్‌లో హిస్టరీ పక్కన, ఇతర డివైజుల ట్యాబులు అనే చోట వచ్చి కూర్చుంటా ఉంది, ఏడాది పాటు వీడు ఆ పక్కకి పోనే లేదు, మొన్న మూసేసిన పేజీ ఏదో వెతుక్కుంటా పోతే కంటపడింది. రిపోర్ట్ మామూలుగానే వచ్చింది, భయపడాల్సిందేం లేదు, అది ముందే చెప్పేస్తున్నా. కానీ ఆ మాట ఇంట్లో ఎవరికి ముందు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అనేది అక్క చేతిలో ఉండాల్సింది, లేకుండా పోయింది.

ఎవురన్నా హ్యాక్ చేసినారా అని అడిగింది. ఎవ్వరూ చెయ్యలేదు. ఏ పాస్‌వర్డూ బయటికి పోలేదు, ఏ తాళమూ పగల్లేదు, సింక్‌ని ఎట్లా పనిచెయ్యాలని రాసినారో అట్లనే పనిచేసింది. దీని గురించి రాయాలనిపించింది అందుకే. ట్యాబ్ సింక్‌లో ప్రైవసీ అనగానే అందరూ అడిగేది కంపెనీవాళ్ళు చూస్తారా అని. అది అడగాల్సిన ప్రశ్నే, దానికి ఇంజనీర్ల దగ్గర మంచి జవాబులు కూడా ఉన్నాయి. ఇంట్లోవాళ్ళు చూస్తారా అనేది ఇంకో ప్రశ్న, దాని మీద పెట్టిన ఆలోచన చానా తక్కువ, మన ఇళ్ళల్లో దెబ్బ తగిలేది మాత్రం అక్కడే. నేను సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నా, బ్రౌజర్లు చేసే కంపెనీలో కాదు గానీ ఒక నోట్స్ యాప్‌కి సింక్ రాసే పని మీద రెండేళ్ళు కూర్చున్నా, కాబట్టి లోపల ఏం జరుగుతాదో నాకు తెలిసినంత వరకు విప్పి చెప్తా.

ముందు దీని మంచి చెప్పాలి. చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులో వస్తా ఫోన్లో ఏదో చదువుతా ఉంటాం, ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిస్తే అదే పేజీ అక్కడ దొరుకుతాది, మనకి మనమే లింకు వాట్సాప్‌లో పంపుకునే పని లేదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లావాళ్ళు 2007 డిసెంబర్‌లో వీవ్ అనే పేరుతో ఇట్లాంటి ప్రయోగం మొదలుపెట్టినారు, తర్వాత అదే ఫైర్‌ఫాక్స్ సింక్ అయింది. 2012లో క్రోమ్‌లో తెరిచిన ట్యాబుల సింక్ వచ్చింది, అదే ఏడాది ఆపిల్ ఐక్లౌడ్ ట్యాబులు తెచ్చింది. అంటే పదేళ్ళు దాటిపోయిన వసతి, పిలకాయలకి ఇది పుట్టినప్పటి నుంచి ఉన్నట్టే.

ఇప్పుడు ఆ ట్యాబ్‌తో పాటు ఏమేం పోతాయో చూడండి. పేజీ అడ్రస్ అంటే యూఆర్‌ఎల్, పేజీ పైన కనిపించే టైటిల్, ఆ సైటు చిన్న బొమ్మ, చివరగా ఎప్పుడు చూసినారనే టైము, ఏ డివైజు అనే పేరు, కొన్ని బ్రౌజర్లలో ఆ ట్యాబ్‌లో వెనక్కీ ముందుకీ పోయిన ఇంకొన్ని పేజీలు కూడా. వినడానికి ఇందులో ఏముందిలే అనిపిస్తాది. కానీ యూఆర్‌ఎల్ ఒక్కటే తీసుకోండి. మీరు గూగుల్‌లో ఏం టైప్ చేసినారో ఆ మాటలు అక్షరం పొల్లుపోకుండా దాంట్లోనే ఉంటాయి, మ్యాప్ తెరిస్తే ఏ చోటు చూస్తున్నారో అందులో ఉంటాది, పాస్‌వర్డ్ మార్చుకోమని మెయిల్‌కి వచ్చిన లింకులో వాడేవాళ్ళని గుర్తుపట్టే పొడుగాటి టోకెన్ ఉంటాది, లింకు ఉన్న ఎవరైనా తెరవొచ్చు అని పెట్టిన డాక్యుమెంట్ అయితే ఆ లింకే దాని తాళంచెవి. అట్లాంటి అడ్రస్ ఇంకో స్క్రీన్ మీద కనపడడమంటే చూసినోళ్ళ చేతికి తాళంచెవి ఇచ్చినట్టే.

టైటిల్ ఇంకా దారుణం. యూఆర్‌ఎల్‌ని చదివి అర్థం చేసుకునే ఓపిక ఇంట్లో ఎవరికీ ఉండదు, టైటిల్ మాత్రం తెలుగులోనో ఇంగ్లీషులోనో నిండు వాక్యంలా ఉంటాది. మెయిల్ పేజీ టైటిల్లో మెయిల్ ఐడీ ఉంటాది, ఉద్యోగాల సైటు టైటిల్లో ఏ ఉద్యోగమో ఉంటాది, అక్క విషయంలో ఆ జబ్బు పేరే ఉంది. వీడు ఆ పేజీ తెరవను కూడా తెరవలేదు, టైటిల్ చదివినాడు, అంతే.

అందుకే బాగా ఆలోచించే టీములు ముందు ఏది పంపకూడదో రాసుకుంటాయి. ఫైర్‌ఫాక్స్ సొంత సెట్టింగ్స్ పేజీలను, కంప్యూటర్లో ఉన్న ఫైళ్ళను తెరిచిన ట్యాబులను పక్కకి తీసేస్తాది, ఆ ఫైలు అడ్రస్ ఇంకో డివైజులో తెరుచుకోదు సరే, దాంట్లో మీ కంప్యూటర్ యూజర్ పేరు, ఫోల్డర్ పేర్లు కూడా ఉంటాయి కదా. ప్రైవేట్ విండో, ఇన్‌కాగ్నిటో ట్యాబులు సింక్‌కి పోవు, ఈ మాట మీద పెద్ద బ్రౌజర్లన్నీ ఒకటే. ఇంకా చెయ్యగలిగింది చానా ఉందని నా నమ్మకం. ఉదాహరణకి తెరిచి ఐదు సెకన్లలో మూసేసిన పేజీని అసలు పంపాల్సిన పనే లేదు. కొంచెం ఆలస్యంగా, కొన్నిటిని కలిపి ఒకేసారి పంపితే బ్యాటరీ మిగులుతాది, పొరపాటున తెరిచిన పేజీ ఇంకో స్క్రీన్ మీదకి పోకుండా మూసేసుకునే వ్యవధి మనిషికి దొరుకుతాది.

ఆ చిన్న బొమ్మ సంగతి కూడా చెప్పాలి, చానామందికి తట్టదు. లాప్‌టాప్‌లో ఫోన్ ట్యాబుల లిస్టు చూపించేటప్పుడు పక్కన సైటు బొమ్మ అందంగా ఉండాలని బ్రౌజర్ నేరుగా ఆ సైటుకి పోయి బొమ్మ తెచ్చుకుంటే ఏమవుతాది? మీరు లాప్‌టాప్‌లో ఆ సైటు తెరవకపోయినా, ఆ సైటుకి మీ లాప్‌టాప్ ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో దాన్ని గుర్తుపట్టే నంబరు, తెలిసిపోతాది. ఇంట్లో ఫోన్లో చూసిన పేజీ గురించి ఆఫీసు నెట్‌వర్క్ నుంచి ఒక పిలుపు పోతాది, ఆఫీసు నెట్‌వర్క్ చూసుకునేవాళ్ళకి ఆ సైటు పేరు కూడా కనపడొచ్చు. కాబట్టి బొమ్మ లేకపోతే ఉత్త గుండ్రం చూపించాలి, లేదంటే ముందే ఈ డివైజులో దాచుకున్నది ఉంటే అది వాడాలి, అంతేగానీ బయటికి పోకూడదు. చూడ్డానికి అలంకారం పని, నిజానికి ప్రైవసీ నిర్ణయం.

ఇంక కంపెనీ చూస్తాదా అనే ప్రశ్నకి వస్తా. దీన్ని మనూళ్ళో వాళ్ళకి చెప్పడానికి అలిపిరి కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. మెట్ల దారిన నడిచిపోయేవాళ్ళు కింద అలిపిరిలో కౌంటర్ దగ్గర బ్యాగు ఇచ్చి రసీదు తీసుకుంటారు, దేవస్థానం వాళ్ళే దాన్ని కొండ మీదకి చేరుస్తారు, మనం 3550 మెట్లూ ఎక్కిపోయి పైన రసీదు చూపించి తీసుకుంటాం. ట్యాబ్ సింక్ కూడా ఇంతే, ఫోన్ కింద కౌంటర్లో ఇస్తాది, లాప్‌టాప్ పైన తీసుకుంటాది, మధ్యలో మోసుకుపోయేది కంపెనీ సర్వర్.

బ్యాగు లారీలో పోయేటప్పుడు దారిలో దొంగలు తియ్యకుండా లారీకి తలుపేసి తాళం వేసినారనుకోండి, అది రవాణాలో ఎన్‌క్రిప్షన్. పైకి పోయినాక గోడౌన్‌కి కూడా తాళముంది, తాళంచెవి గోడౌన్ వాళ్ళ దగ్గరే ఉంది, అది సర్వర్లో ఎన్‌క్రిప్షన్. ఈ రెండూ ఇప్పుడు ఎవరైనా చేస్తారు. మూడోది బ్యాగుకే మన సొంత తాళం వేసి, తాళంచెవి మన జేబులో పెట్టుకోని ఇవ్వడం, దాన్నే ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అంటారు, మోసేవాళ్ళు మోస్తారు గానీ లోపల ఏముందో చూడలేరు. ఫైర్‌ఫాక్స్ సింక్ మొదటి నుంచీ ఈ మూడో పద్ధతే. ఆపిల్ వాళ్ళ బ్రౌజర్ సఫారీ ట్యాబులు, హిస్టరీ కూడా ఇట్లనే పోతాయి, విచిత్రంగా సఫారీ బుక్‌మార్క్‌లు మాత్రం అట్లా పోవు, 2022 డిసెంబర్‌లో వచ్చిన అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్ ఆన్ చేసుకుంటేనే వాటికి కూడా ఆ తాళం పడతాది. క్రోమ్‌లో మామూలుగా అయితే తాళంచెవి గూగుల్ అకౌంట్‌తోనే ముడిపడి ఉంటాది, సింక్ సెట్టింగ్స్‌లోకి పోయి సొంత పాస్‌ఫ్రేజ్, అంటే సింక్‌కి వేరేగా ఒక పాస్‌వర్డ్, పెట్టుకుంటే అప్పుడు గూగుల్ కూడా చదవలేదు. ఆ సెట్టింగ్ ఉందని తెలిసినవాళ్ళు నాకు తెలిసినవాళ్ళల్లో ఇద్దరో ముగ్గురో.

బ్యాగుకి ఎంత గట్టి తాళం వేసినా కౌంటర్ వాళ్ళకి కొన్ని తెలుస్తాయి కదా, ఎవరిచ్చినారు, ఎన్ని గంటలకిచ్చినారు, ఎంత బరువుంది. సర్వర్ కూడా అంతే, మీ ఐపీ అడ్రస్, ఎన్ని డివైజులు, ఏ టైములో ఏ డివైజు మేల్కొని ఉంది, వచ్చిన మూట ఎంత సైజుంది అనేవి దానికి కనిపిస్తాయి. సైజు పెరిగితే ట్యాబులు పెరిగినట్టు, రాత్రి రెండు గంటలకి మూటలు వస్తా ఉంటే మనిషి నిద్రపోలేదని. దీనికి మందు ఉంది, ప్రతి మూటకీ ఖాళీ కాగితాలు కుక్కి ఒకే బరువుకి తేవొచ్చు, పంపే టైముని కొంచెం అటూ ఇటూ జరపొచ్చు, ఎవరు ఎప్పుడు వచ్చినారని సర్వర్ రాసిపెట్టుకునే లెక్కలు తొందరగా చెరిపెయ్యొచ్చు. ఖర్చు ఉంటాది, కానీ అసాధ్యం కాదు.

మరి ఎండ్ టు ఎండ్ అంత మంచిదైతే అందరూ ఎందుకు పెట్టరు అంటే, తాళంచెవి పోగొట్టుకునే మనుషుల వల్ల. మొదట్లో ఫైర్‌ఫాక్స్ సింక్‌లో పాస్‌వర్డ్ మీద ఆధారపడకుండా రెండు డివైజులనీ పక్కపక్కన పెట్టుకోని కోడ్ కొట్టి జత చేసుకోవాల్సి ఉండేది, భద్రత పరంగా చానా గట్టిది, కానీ ఒక్కటే డివైజు ఉన్నవాళ్ళు దీన్ని బ్యాకప్ అనుకున్నారు, ఆ డివైజు పాడైపోయినాక కొత్తది తెచ్చి లాగిన్ అవుతామంటే తాళంచెవి లేదు, డేటా సర్వర్లో ఉండీ లేనట్టే. 2014లో దాన్ని మార్చి మామూలు అకౌంట్, పాస్‌వర్డ్ పద్ధతికి వచ్చినారు. అందులో ఒక తెలివైన పని చేసినారు. మీ పాస్‌వర్డ్‌ని డివైజులోనే నలిపి రెండు వేరే వేరే ముక్కలు చేస్తాది, ఒక ముక్క లాగిన్ కోసం సర్వర్‌కి పోతాది, రెండోది డివైజు దాటి పోదు, తాళంచెవిని విప్పేది ఆ రెండోదే. పాస్‌వర్డ్ మర్చిపోయి రీసెట్ చేస్తే, ముందుగా రికవరీ కీ తీసిపెట్టుకోకపోతే, సర్వర్లో ఉన్నది పోతాది, మీ దగ్గరున్న డివైజు మళ్ళీ మొదటి నుంచి ఎక్కిస్తాది.

బ్రేవ్ అనే ఇంకో బ్రౌజర్ వాళ్ళు అకౌంటే లేకుండా చేసినారు, 24 మాటల వరస ఒకటి ఇస్తారు, అది ఎవరి దగ్గరుంటే వాళ్ళ డివైజు ఆ గొలుసులో చేరుతాది. మనోళ్ళు అట్లాంటివి ఫోటో తీసి గ్యాలరీలో పెట్టుకుంటారు, ఆ ఫోటో ఎవరి చేతికి పోయినా వాళ్ళూ చేరిపోవచ్చు. ఆ ఇబ్బంది చూసి తర్వాత 25వ మాట కలిపినారు, అది గడువు దాటితే పనిచెయ్యదు.

నా అభిప్రాయం ఒకటి గట్టిగా చెప్తా. సింక్ అయ్యేవాటిల్లో పాస్‌వర్డ్‌లు పోతే మనిషి రోడ్డున పడతాడు, బుక్‌మార్క్‌లు పోతే బాధపడతాడు, ట్యాబులు పోతే ఏమీ కాదు, అవి ఎట్లాగూ ఫోన్లో తెరిచే ఉంటాయి, మళ్ళీ ఎక్కించుకోవచ్చు. అంటే తాళంచెవి పోయే ప్రమాదం వల్ల ఎండ్ టు ఎండ్ పెట్టలేదు అనే సాకు ట్యాబుల విషయంలో అస్సలు నిలవదు. బుక్‌మార్క్ అంటే మనిషి దాచుకోవాలని ఆలోచించి దాచుకున్నది, ట్యాబ్ అట్లా కాదు, ఇంకా తేల్చుకోనిది, భయంతోనో ఆశతోనో తెరిచిపెట్టింది, మూయాలంటే మనసు ఒప్పంది. అంత సొంతమైనదానికి తాళం వెయ్యడం చౌకగా అయిపోతా ఉంటే వెయ్యకపోవడానికి నాకు ఏ కారణమూ కనపడదు.

సరే, అక్క విషయంలో ఎండ్ టు ఎండ్ ఉండి ఉంటే? అప్పుడు కూడా వీడికి కనపడేదే. ఎందుకంటే వీడి లాప్‌టాప్ దగ్గర తాళంచెవి ఉంది, లెక్క ప్రకారం వీడిదే ఆ బ్యాగు. సింక్ డిజైన్ చేసినవాళ్ళు వేసుకున్న బొమ్మలో ఒక మనిషి ఉంటాడు, ఆయనకి ఒక అకౌంట్, ఆ అకౌంట్ కింద ఫోను, లాప్‌టాప్, ట్యాబ్లెట్, అన్నీ ఆయనవే. మన ఇళ్ళల్లో ఒక అకౌంట్ కింద అమ్మ ఫోను, కొడుకు లాప్‌టాప్, హాల్లో టీవీ, చెల్లెలి పాత ఫోను ఉంటాయి, నాన్నకి అకౌంట్ అంటే ఏందో తెలియకుండానే ఆయన ఫోన్లో కూడా అదే ఉంటాది. ఒక ఇంటికి ఒక గ్యాస్ బుక్కు ఉన్నట్టు ఒక ఇంటికి ఒక మెయిల్ ఐడీ. ఇది మనోళ్ళ తెలివితక్కువతనం అని కొందరు అంటారు, నేను ఒప్పుకోను, ఓటీపీలు, రీఛార్జులు, కాలేజీ అప్లికేషన్లు అన్నీ ఒక చోట ఉంటే ఇల్లు నడపడం సులువు, జనం ఎట్లా బతుకుతా ఉన్నారో దానికి తగ్గట్టు డిజైన్ మారాల.

నెట్ సెంటర్లది ఇంకో కథ. తిరుపతి బస్టాండ్ చుట్టుపక్కల నెట్ సెంటర్లలో రోజూ చూస్తాం, దర్శనం టికెట్ పీడీఎఫ్ ప్రింట్ తీసుకోడానికి యాత్రికులు అక్కడి కంప్యూటర్లో మెయిల్ తెరుస్తారు. మెయిల్ సైటులో లాగిన్ అవడం వేరు, బ్రౌజర్‌లోకే లాగిన్ అయి సింక్ ఆన్ చెయ్యడం వేరు, ఈ తేడా తెలిసినవాళ్ళు ఎంతమంది? 2018 సెప్టెంబర్‌లో క్రోమ్ 69 వచ్చినప్పుడు ఇదే గొడవ పెద్దదైంది, జీమెయిల్ లాంటి గూగుల్ సైటులో లాగిన్ అయితే బ్రౌజర్ కూడా తనంతట తానే లాగిన్ అయ్యేట్టు మార్చినారు. సింక్ దానంతట అది ఆన్ కాదని గూగుల్ చెప్పింది, అది నిజమే, కానీ సింక్‌కి ఇంక ఒక్క నొక్కే దూరం, దాని మీద క్రిప్టోగ్రఫీ ప్రొఫెసర్ మాథ్యూ గ్రీన్ లాంటివాళ్ళు గట్టిగా అభ్యంతరం చెప్పినారు. తర్వాతి వెర్షన్ 70లో దాన్ని ఆపుకునే స్విచ్చు ఇచ్చినారు. ఆ గొడవలో నాకు ముఖ్యమనిపించేది ఏందంటే, ఒప్పుకోవడం అనేది ఎక్కడ జరిగిందో మనిషికి తెలియాల. మెయిల్ చూసుకోడానికి ఒప్పుకున్నోడు ట్యాబులు చూపించడానికి ఒప్పుకున్నట్టు కాదు.

డిజైన్ ఎట్లా ఉంటే అక్కకి ఈ ఇబ్బంది వచ్చేది కాదు అని చానాసేపు ఆలోచించినా. మొట్టమొదటిది, పంపడానికి ఒక స్విచ్చు, చూపించడానికి ఇంకో స్విచ్చు ఉండాల. నేను వాడి చూసిన బ్రౌజర్లలో ట్యాబులకి ఉండేది ఒకటే స్విచ్చు, ఆన్ చేస్తే నా ట్యాబులు అన్ని చోట్లకీ పోతాయి, అన్ని చోట్లవీ నాకు వస్తాయి. నా ఫోన్ ట్యాబులు నా ఆఫీసు లాప్‌టాప్‌కి పోవాల, హాల్లో కంప్యూటర్‌కి పోకూడదు అని చెప్పుకునే వీలు ఉండాల. కొత్త డివైజు చేరినప్పుడు అది ఉత్త చేతులతో చేరాల, ఫోన్ స్క్రీన్ మీద "ఈ లాప్‌టాప్‌లో మీ ఫోన్ ట్యాబులు కనిపించొచ్చా" అని తెలుగులో అడగాల, ఆ మాట అంగట్లో సెటప్ చేసే అబ్బాయిని అడిగితే లాభం లేదు, ఫోన్ పట్టుకున్న మనిషిని అడగాల.

ఇంకోటి, లిస్టు ఒక్క చోటే దాక్కోని ఉండదు. ఫైర్‌ఫాక్స్‌లో అడ్రస్ బార్‌లో రెండక్షరాలు కొడితే ఇతర డివైజుల్లో తెరిచిన ట్యాబులు కూడా సలహాల్లో వస్తాయి. ఒంటరిగా ఉన్నప్పుడు అది చానా పనికొస్తాది. ఇప్పుడు మన గవర్నమెంట్ స్కూళ్ళల్లో గోడకి పెద్ద ప్యానెళ్ళు వచ్చినాయి కదా, టీచరమ్మ పాఠం వీడియో కోసం తన అకౌంట్‌తో దాంట్లో లాగిన్ అయి టైప్ చేస్తా ఉంటే క్లాసంతా చూస్తా ఉంటాది, రాత్రి ఇంట్లో ఫోన్లో వెతికింది అక్కడ వచ్చి నిలబడితే ఆమె పరిస్థితి ఊహించుకోండి. స్క్రీన్ షేర్ చేస్తున్నప్పుడో, ప్రొజెక్టర్ తగిలించినప్పుడో ఇతర డివైజుల ట్యాబులను సలహాల్లోంచి తీసెయ్యడం కష్టమైన పనేం కాదు. ఒక ట్యాబ్‌ని ఇంకో డివైజుకి పంపినప్పుడు వచ్చే నోటిఫికేషన్ కూడా అంతే, లాక్ స్క్రీన్ మీద టైటిల్ మొత్తం చూపించకుండా ఫోన్ నుంచి ఒక ట్యాబ్ వచ్చింది అంటే చాలు.

చివరగా చూసిన టైము చూపించడం మీద నాకు గట్టి అభ్యంతరముంది. పది నిమిషాల క్రితం అని రాసి ఉంటే, చదివే పేజీ ఏదైనా కానీ, మనిషి మేల్కొని ఉన్నాడని తెలుస్తాది. హాస్టల్లో ఉన్న పిల్లోడు రాత్రి రెండింటికి ఏం చేస్తా ఉన్నాడో చిత్తూరులో అమ్మకి తెలుస్తాది, అమ్మకి నిద్ర పట్టడం లేదని కొడుకుకి తెలుస్తాది. అక్క ఫోన్లో కూడా ఏడాదిగా వాడి ట్యాబులు ఉన్నాయని నేను చెప్పేదాకా ఆమెకి తెలీదు, చెప్పినాక కూడా చూడనంది.

అన్నిటికంటే బరువైన సంగతి వేరే ఉంది. కొన్ని ఇళ్ళల్లో ఫోను కొనిచ్చేది మొగుడు, అకౌంట్ పెట్టేది మొగుడు, పాస్‌వర్డ్ తెలిసేది మొగుడికి. ఆ ఇంట్లో ఆడమనిషి 181 మహిళా హెల్ప్‌లైన్ గురించో, లాయర్ గురించో వెతికితే అది ఆయన స్క్రీన్ మీద పడడమంటే ఒళ్ళు జలదరించే మాట. ఇక్కడ డిజైన్‌లో నిజమైన చిక్కు ఉంది. కొత్త డివైజు ఏదైనా చేరితే అన్ని డివైజులకీ గట్టిగా చెప్పాల, లేకపోతే ఎవరో దొంగతనంగా చేరినా తెలీదు. కానీ ఎవరైనా తన ఫోన్ ట్యాబులు పంపడం ఆపేస్తే మాత్రం మిగతా డివైజులకి చెప్పనే కూడదు. చెప్తే ఎందుకు ఆపినావు అనే ప్రశ్న వస్తాది, కొన్ని ఇళ్ళల్లో ఆ ప్రశ్న మాటతో ఆగదు. చేరడం అందరికీ వినపడాల, తప్పుకోవడం చప్పుడు లేకుండా జరగాల. అవతలి స్క్రీన్‌లో కూడా సింక్ ఆపేసినారు అని రాయకుండా, ఫోన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు ఎట్లా ఉంటాదో అట్లనే ఉండాల.

డివైజుని తీసేయడం కూడా అనుకున్నంత తేలిక కాదు. అకౌంట్ పేజీలో తీసేయి అని నొక్కితే సర్వర్ దాన్ని రానివ్వదు సరే, ఆ డివైజులో అప్పటికే దిగిపోయిన లిస్టు అక్కడే ఉంటాది, తాళంచెవి కూడా దానికి గుర్తే ఉంటాది. మంచి డిజైన్ అయితే సైన్ అవుట్ అయిన మరుక్షణం ఆ లిస్టుని చెరిపేస్తాది, మిగిలిన డివైజులు కొత్త తాళంచెవి పుట్టించుకోని దాంతోనే ముందుకి పోతాయి. అమ్మేసిన పాత ఫోన్, పగిలిపోయిన ఫోన్ ట్యాబులు కూడా నెలల తరబడి వేలాడకుండా కొన్నాళ్ళకి వాటంతట అవే రాలిపోవాల.

చట్టం ఏమంటాదని ఒక స్నేహితుడు అడిగినాడు. ప్రైవసీ ప్రాథమిక హక్కు అని సుప్రీం కోర్టు తొమ్మిది మంది జడ్జీల బెంచ్ పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న చెప్పింది, ఆ తర్వాత 2023 ఆగస్టులో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది, దాని రూల్స్ 2025 నవంబర్‌లో నోటిఫై అయినాయి. కంపెనీ దేనికోసం డేటా తీసుకుంటా ఉందో ముందే చెప్పాలని, దానికే వాడాలని అందులో ఉంది, కాబట్టి సర్వర్ వైపు ప్రశ్నకి అది పనికొస్తాది. కానీ ఒక మనిషి తన సొంత అవసరానికో ఇంటి అవసరానికో వాడుకునే డేటాకి ఆ చట్టం వర్తించదని అదే చట్టం మూడో సెక్షన్లో ఉంది. అది న్యాయమే, కొడుకు అమ్మ ట్యాబ్ చూసినాడని కేసు పెట్టుకుంటామా. కానీ దాని అర్థం ఇంటి గడప లోపలికి చట్టం రాదు, అక్కడ అక్కని కాపాడగలిగింది ఆ స్విచ్చు ఎట్లా పెట్టినారు అనేదే.

పోయిన ఆదివారం చిత్తూరుకి పోయి అక్క ఫోన్ పట్టుకోని కూర్చున్నా. ముందు అకౌంట్‌లో డివైజుల లిస్టు తెరిచి చూపించినా, ఐదు ఉన్నాయి, అందులో ఒకటి ఎవరిదో ఆమెకి గుర్తు రాలేదు, చాలాసేపు ఆలోచించి రెండేళ్ళ కింద నెట్ సెంటర్లో దేనికో లాగిన్ అయినా అంది, దాన్ని తీసేసి పాస్‌వర్డ్ మార్చినాం. సింక్ సెట్టింగ్స్‌లో అంతా సింక్ చెయ్యి అని ఉన్నదాన్ని తీసేసి, పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్క్‌లు మాత్రం ఉంచి, ట్యాబులు, హిస్టరీ ఆపినాం. హిస్టరీ ఆపకుండా ట్యాబులు ఒక్కటే ఆపితే సగం పనే అయినట్టు, ఎందుకంటే చూసిన పేజీలు ఆ దారిలో కూడా పోతాయి. కొడుక్కి సొంత అకౌంట్ పెట్టించి లాప్‌టాప్‌లో పాత ప్రొఫైల్ మొత్తం తీసేయించినా, సైన్ అవుట్ ఒక్కటే చేస్తే పాతవి అక్కడే మిగిలిపోవచ్చని. సొంత విషయం ఏదన్నా చూసుకునేటప్పుడు ప్రైవేట్ విండో వాడమని, అది ఎట్లా తెరవాలో రెండుసార్లు ఆమె చేతే చేయించినా.

అంతా అయినాక కాఫీ తెచ్చిచ్చి అడిగింది, "వాడి హాల్ టికెట్ లింకులు, ఫీజు కట్టే లింకులు ఇప్పుడు నాకు కనపడవా మరి? అవి నేనే చూసేదాన్ని."

"కనపడవు అక్కా. వాడు వాట్సాప్‌లో పంపాల."

"అట్లంటే వాడు పంపాలనుకున్నవే వస్తాయి."

"అవును."

కాసేపు ఫోన్ వైపు చూసి, "సరే, నాది కూడా అంతే కదా" అని బావ వస్తున్న చప్పుడు విని లోపలికి పోయింది.